తాళం చప్పుడు

శ్రీరంగప్ప వాళ్ళు బెంగుళూరు లారీ ఎక్కిపోయిన మూడో రోజున నేను వాళ్ళ వాకిట్లోకి పోయి కుక్కను విప్పుకొచ్చాను. అంతకుముందు రెండు పగళ్ళూ అది ఏడుస్తూనే ఉంది. ఊరంతా విన్నది. విని ఎవరి పనికి వాళ్ళు పోయారు. మా ఊరివాళ్ళవి రాతి గుండెలని కాదు. మా వైపు ఊళ్ళలో తాళం పడిన ఇంటి వాకిట్లో ఎవరూ కాలు పెట్టరు. రేపు ఆ ఇంటివాళ్ళు తిరిగొచ్చి చెంబు కనబడలేదన్నా, చేట కనబడలేదన్నా, ఆ మాట కాలు పెట్టినవాళ్ళ మీదికే వస్తుంది. మామూలు రోజుల్లో అయితే మేము తాళాలే వేయం. గొళ్ళెం పెట్టి అందులో ఒక పుల్ల దూర్చి చేనికి పోతాం. తాళం పడిందంటే ఆ ఇంటివాళ్ళు ఊరు విడిచినట్టే. ఎనభై ఐదో సంవత్సరం ఎండాకాలం అది. మా వీధిలో అప్పటికే ఏడు ఇళ్ళకు తాళాలు పడ్డాయి.

నల్ల కుక్క, ఒక చెవి చీలి ఉంటుంది. కర్రోడు అని పిలిచేవాళ్ళు. దాన్ని అరుగు మీది గుంజకు నారతాడుతో కట్టేసి పోయారు. తలుపు చెక్కను అందినంత మేర గీకి గీకి దాని గోళ్ళు చితికిపోయాయి. శ్రీరంగప్ప భార్య ఆంజినమ్మ పోతూ పోతూ ముందర మూడు సంగటి ముద్దలు పెట్టి పోయింది. మూడూ రాయిలా ఎండిపోయి ఉన్నాయి. ఒక్కటి కూడా ముట్టలేదు.

"కట్టేసి పోయేదానికి ఆ తల్లికి చేతులెట్ల వచ్చినాయో," అని వీధి మొత్తం వినేటట్టు తిట్టాను. అప్పట్లో నాకు నోరు కొంచెం ఎక్కువ.

మా ఆయన ఎర్రప్ప అరుగు మీద కూర్చుని పలుపు పేనుతున్నాడు. నన్నూ కుక్కనూ చూసి పలుపు పక్కన పెట్టాడు.

"బీగం పడిన ఇంట్లోకి పోయినావా? నీకేమన్నా బుద్ధి ఉండాదా?"

"చెంబూ చేటా ఏమీ ఎత్తకరాల్యా. ఒగ ప్రాణాన్ని ఎత్తకొచ్చినా."

"మనకే ముద్దకు గతి ల్యా. దాని నోట్లో ఏం పెడతావు?"

"నా దాంట్లో సగం."

"నీ దాంట్లో సగమంటే నా దాంట్లో పావు," అన్నాడు. అని, లేచిపోయి చెంబుతో నీళ్ళు తెచ్చి దాని ముందర పెట్టాడు. మా ఆయన మాట ఎప్పుడూ అంతే, చేత వేరుగా ఉంటుంది.

నీళ్ళు తాగింది. ముద్ద తిన్నది. నా వెనకే తిరిగింది. నేను పొయ్యి దగ్గర ఉంటే పొయ్యి దగ్గర, దొడ్డికి పోతే దొడ్డి దగ్గర. చిక్కు రెండో రోజు మొదలైంది.

మేమిద్దరం కరువు పనికి పోయేవాళ్ళం. మూడు మైళ్ళ అవతల రోడ్డుకు కంకర కొట్టే పని. కూలి కింద గింజలు కొలిచేవాళ్ళు, ఆ గింజలతోనే ఇల్లు గడుస్తోంది. ఇంట్లో మూడు మూటల విత్తనం శెనక్కాయలు ఉన్నాయి. ఆ యేడు ఊళ్ళో బంగారం పోయినా ఎవరూ అడిగేవాళ్ళు కాదు కానీ విత్తనం పోతే ఇల్లు మునిగినట్టే. పక్క ఊళ్ళో రెండిళ్ళలో విత్తనం పోయిందని విన్నప్పటి నుంచి మేము కూడా పనికి పోయేటప్పుడు తాళం వేస్తున్నాం. ఆ రోజు గూట్లోంచి తాళం తీశాను. ఆ ఇనుము చప్పుడు వినగానే కర్రోడు నేలకు అతుక్కుపోయాడు. ఒళ్ళంతా వణుకు. కింద తడి చేసుకున్నాడు. తలుపు మూసి తాళం నొక్కాను. టక్కుమన్నది. అంతే, లేచి తలుపు మీద పడ్డాడు. అప్పటిదాకా నేను కుక్కను అది అనేదాన్ని. వాడు అనటం ఆ పూటే మొదలైనట్టుంది.

పని దగ్గరికి వెంటబడి వచ్చాడు. చెట్టుకు కట్టిన పసిపిల్లల ఉయ్యాలల కింద దూరి పడుకున్నాడు. పని చూసే మేస్త్రీ ఊరుకోలేదు.

"రేపు ఈ కుక్క ఈడ కనపడితే మీ ఇద్దరి పేర్లూ కొట్టేస్తా. చెప్పలేదనొద్దు."

మర్నాడు కట్టేసి పోయాం. పొద్దువాలి వచ్చేసరికి తాడు మెడలోకి దిగి చర్మం ఊడిపోయింది. మా తలుపుకు కూడా గీతలు పడ్డాయి. వాడికి గొంతు పోయింది. నోరు తెరుస్తున్నాడు గానీ చప్పుడు రావటం లేదు. ఎర్రప్ప వాడి మెడకు పసుపు అద్దుతూ నాతో అన్నాడు:

"ఇట్లయితే కాదమ్మే. ఏరువాక దాకా చూస్తా. అంతలోపల ఒంటిగా ఉండేది నేర్చుకుంటే సరి. లేకుంటే హైవే మీద లారీలు నిలిచే తావున, హోటలు కాడ ఇడిచిపెట్టి వస్తా. ఎంగిలన్నా దొరుకుతాది."

అక్కడ వదిలిన కుక్కలు ఏమవుతాయో మా ఇద్దరికీ తెలుసు. ఏరువాక పున్నమికి ఇరవై రోజుల పైన కొంచెం ఉంది.

దారి చూపించింది కదిరమ్మత్త. మా పక్కింట్లో ఒంటరిగా ఉండే ముసలామె. పది పన్నెండు మేకలు, అవే ఆమెకు పిల్లాజెల్లా. అంతకు ముందటి యేడు ఎవరింట్లోనో మెట్టెలు పోతే ఆమె మీద పడ్డారు. మెట్టెలు తర్వాత వాళ్ళ గాదెలోనే దొరికాయి. కానీ అప్పటి నుంచి కదిరమ్మత్త ఎవరి వాకిట్లోకీ రాదు. కంచె బయట బండ దగ్గర నిలబడే మాట్లాడుతుంది. రమ్మని నోటితో పిలవాలి. పిలిస్తేనే వస్తుంది. నిన్న పిలిచామని ఈ రోజు రాదు, ఈ రోజుకు మళ్ళీ పిలవాలి.

"ఏమ్మే హనుమక్కా, మేకపిల్లను గంప కింద మూసేటప్పుడు మొదటి దినమే పొద్దంతా మూస్తామా?" అన్నది బండ దగ్గర నుంచే.

"లోపలికి రా అత్తా. వచ్చి చెప్పు."

వచ్చింది. కూర్చుని, ఆకూ వక్కా నోట్లో వేసుకుని చెప్పింది. "తల్లిమేక మేతకు పోవల్ల. పిల్ల ఇంటికాడ ఉండల్ల. మొదటి దినం గంప మూసి, ఈ వక్క నమిలేంత సేపు. తీసేది. రెండో దినం నీళ్ళకు పొయ్యొచ్చేంత సేపు. ఏడ్చేటప్పుడు మాత్రం గంప ఎత్తొద్దు. ఎత్తితివా, ఏడిస్తే ఎత్తుతారని నేర్చుకుంటాది. ఊరకైనాకనే ఎత్తల్ల. ఇంగొకటి. పోయేటప్పుడు నిమరొద్దు, మాట్లాడొద్దు, తిరిగి చూడొద్దు. నువ్వు తిరిగి చూసినావంటే ఏదో జరగబోతాండాదని దానికి తెలిసిపోతాది."

ఇరవై రోజులు నేను పనికి పోలేదు. ఎర్రప్ప ఒక్కడే పోయాడు. ఒకరి గింజలతో ముగ్గురం తిన్నాం. రాత్రి సంగటి మానుకుని అంబలి తాగాం. ఆయన ఒక్కమాట అనలేదు, నేనే రోజుకు పదిసార్లు అనుకున్నాను, కుక్క కోసం మొగుణ్ణి ఎండబెడుతున్నానని.

ముందు తాళాన్ని తెచ్చి పొయ్యి పక్కన పెట్టుకున్నాను. సంగటి కెలుకుతూ తీస్తాను, వేస్తాను. టక్కు. కర్రోడు చెవులు వెనక్కి వేసి మూలకు దూరేవాడు. నేను కూర్చున్నచోటు నుంచి కదలను. మళ్ళీ టక్కు. నాలుగైదు రోజులకు వాడి చూపు తాళం మీద నుంచి సంగటి కుండ మీదికి మళ్ళింది. ఆ తర్వాత నా పాత చీర ఒకటి మడిచి అరుగు మీద వేశాను. ఎండు సొరబుర్రకు మూతి పెద్దది చేసి, అందులో కొంచెం సంగటీ కొంచెం శెనక్కాయ పిండీ కలిపి అదిమి పెట్టాను. అది నాకి నాకి తీసుకోవటానికి చాలాసేపు పడుతుంది. బుర్ర పెట్టి, తలుపు మూసి, టక్కుమనిపించి, వక్క నమిలేంత సేపు కంచె అవతల నిలబడి వచ్చాను. మరుసటి రోజు బోరింగు దాకా. ఆ మరుసటి రోజు చేను దాకా. ఒకరోజు కంచె దాటగానే ఏడుపు అందుకున్నాడు. నేను ముళ్ళకంప పక్కన ఎండలో గొంతుక్కూర్చున్నాను. వాడు లోపల ఏడుస్తాడు, నేను బయట ఏడుస్తాను. వాడు ఆపాడు. అప్పుడు లేచి పోయాను. పోయినా పలకరించలేదు. నేరుగా నీళ్ళ కుండ దగ్గరికి పోయి నీళ్ళు తాగాను, ఏమీ జరగనట్టు.

ఒక్క అలవాటు మాత్రం వాడికి గట్టిపడిపోయింది. మేము లేనప్పుడు ఆ బుర్రలోది తప్ప వేరేది ముట్టడు. కదిరమ్మత్త ఒకసారి కంచె మీది నుంచి రొట్టెముక్క విసిరింది. వాసన చూసి వచ్చి మళ్ళీ చీర మీద పడుకున్నాడు.

"దొంగోడు ముద్దేసినా తినడు. బంగారట్లా కుక్క," అని మెచ్చుకుంది ఆమె. నాకు కూడా గర్వమే అనిపించింది.

ఏరువాకకు రెండు రోజుల ముందు ఇద్దరం పనికి పోయాం. పొద్దంతా సుత్తి దెబ్బ మీద దెబ్బ పడుతున్నా నా చెవి ఊరి వైపే ఉంది. సాయంత్రం వచ్చి తడిక తీశాం. కర్రోడు చీర మీద పడుకుని ఉన్నాడు. బుర్ర పక్కకు దొర్లి ఉంది. తల ఎత్తి మమ్మల్ని చూసి, నోరంతా తెరిచి ఆవులించాడు.

ఎర్రప్ప నవ్వాడు. అరుగు మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ యేడు మా ఇంట్లో నవ్వు వినిపించింది ఆ ఒక్కసారే.

ఆ వారంలోనే వాన పడింది. ఒక్క వాన, నిండుగా, పదునుగా. మూడు మూటల విత్తనమూ భూమిలో వేశాం. వానలు మొదలయ్యాయని కరువు పని ఆపేశారు. మొలక బాగానే వచ్చింది. ఎర్రప్ప రోజూ పొద్దున్నే చేనికి పోయి మొలకల్ని చూసి వచ్చేవాడు, కర్రోడు వెనకాల పోయేవాడు. తర్వాత మేఘాలు వచ్చేవి, పెనుకొండ కొండల మీదుగా పోయేవి. మా మీద ఒక్క చుక్క రాలలేదు. పూత పట్టే సమయానికి ఆకు మధ్యాహ్నం ముడుచుకుని సాయంత్రానికి విచ్చుకునేది. కొన్నాళ్ళకు సాయంత్రం కూడా విచ్చుకోవటం మానింది. ఒకరోజు ఎర్రప్ప ఒక చెట్టు పీకి తెచ్చి నా ముందర పెట్టాడు. కాయ పట్టే ఊడ ఒకటి మట్టిలోకి దిగబోయి, నేల గట్టిగా ఉండి, వంకర తిరిగి ఎండిపోయింది.

"బెంగుళూరు లారీ మేస్త్రీకి చెప్పినా," అన్నాడు. "బేస్తవారం వస్తాడంట. రెండు నెల్ల పని. దీపావళికి ఇంటికి రావచ్చంట."

"కర్రోడు?"

"అడిగినా. మనుషులకే తావు ల్యా, కుక్కలకు యాడ అన్నాడు."

ఎండిన చెట్టును ఎత్తి పొయ్యి పక్కన పడేశాను.

బేస్తవారం పొద్దున లారీ చెరువు కట్ట కింద నిలబడి హారన్ కొడుతోంది. మూటలు ముందే చేరవేశాడు ఎర్రప్ప. నేను తొట్టి నిండా నీళ్ళు పోశాను. సంగటీ పిండీ రోజూ కంటే గట్టిగా అదిమి బుర్రలో పెట్టాను. కదిరమ్మత్త బండ దగ్గర నిలబడి ఉంది. కంచె ఇవతల నుంచే చెప్పాను.

"అత్తా, వీనికి దినానికింత ముద్ద ఎయ్యి. దీపావళికి వచ్చేస్తాం."

"నేను తినేదాంట్లో ఏస్తాలే. నువ్వు పో తల్లీ, లారీ పిలుస్తాండాది."

తలుపు మూశాను. తాళం నొక్కాను. టక్కుమన్నది. కర్రోడు చీర మీద పడుకుని బుర్రను కాళ్ళ మధ్య పట్టుకుని నాకుతున్నాడు. ఒక్కసారి కళ్ళెత్తి నన్ను చూశాడు, తోక నేల మీద రెండుసార్లు కొట్టాడు, మళ్ళీ బుర్రలో మూతి పెట్టాడు. ఒంగి ఒక్కసారి వాడి తల నిమరాలని చెయ్యి చాచబోయాను. నిమిరితే తెలిసిపోతుంది. తెలిస్తే లారీ వెంటబడి, హైవే మీద ఏ చక్రం కిందనో పడతాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నిమరలేదు, మాట్లాడలేదు, తిరిగి చూడలేదు. తాళం చెవి కొంగున ముడివేసుకుని నడిచాను.

బెంగుళూరులో పెద్ద మేడ కడుతున్న చోట మా గుడిసెలు. నాలుగో గుడిసె ఆంజినమ్మది. ఇసుక జల్లెడ పడుతుంటే ఆమే నా దగ్గరికి వచ్చింది. చిక్కి సగమైంది మనిషి.

"మా కర్రోన్ని ఇప్పింది నువ్వేనంట గదా వదినా. నీ కడుపు చల్లగుండ."

"కట్టేసి ఎట్ల పోయినావమ్మా నువ్వు?" అన్నాను. ఎప్పటి నుంచో నోట్లో పెట్టుకున్న మాట అది.

"కట్టకపోతే లారీ కింద పడుతాండె. కడితే ఏడుస్తాడని తెలుసు." జల్లెడలో మిగిలిన రాళ్ళను వేళ్ళతో ఏరుతూ చెప్పింది. "ఏడిస్తే ఎవరో ఒకరు ఓర్చుకోలేక ఇప్పకపోతారా అనుకొంటి. మా వాకిట్లోకి ఎవరు వచ్చినా మేము మాట అనమని, పోయేముందు నలుగురికి చెప్పి గూడా వస్తి."

ఆ మాట నేను కదిరమ్మత్తకు చెప్పలేదు. ముద్ద వేయమన్నాను. లోపలికి రమ్మనలేదు.

ఆ పూటే పోతానన్నాను ఎర్రప్పతో. మేస్త్రీ పోనివ్వలేదు. స్లాబు పడేదాకా ఎవరినీ కదలనివ్వనన్నాడు. దీపావళి పోయింది. "కదిరమ్మత్త ఉండాది గదా, మేకలనే బిడ్డల మాదిరి చూసుకుంటాది ఆమె, కుక్కను చూడదా," అని ఎర్రప్ప అన్నాడు. రోజూ అదే మాట అన్నాడు. రెండు వారాలయ్యాక అనటం మానేశాడు.

శివరాత్రి దాటాక ఊరికి వచ్చాం. తడిక మూసే ఉంది. అరుగు మీద నా చీర ఉంది. బుర్ర ఉంది. తొట్టి అడుగున మట్టి బీటలు వారి ఉంది. నేను వాకిట్లో నిలబడిపోయాను. వెనక నుంచి కదిరమ్మత్త గొంతు వినిపించింది. బండ దగ్గరే నిలబడి ఉంది.

"దినామూ ముద్ద తెచ్చి ఈ బండ మీద పెడుతాంటి తల్లీ. నన్ను చూసి తోక ఊపుతాండె. రారా అంటే రాడు. నువ్వు పండుకోమన్న తావు ఇడిస్తే గదా. ఇసిరితే వాసన చూసి పోయి పండుకుంటాండె. ఆ బుర్రలో పెడితేనే తింటాడు. బుర్రేమో మీ జగిలి మీద, ఆ చీర పక్కన ఉండాది."

"లోపలికి పోయి పెట్టల్యా అత్తా?"

ఆమె నా ముఖం చూడలేదు. బండ మీద కాలి బొటనవేలితో రాస్తూ నిలబడింది.

"బీగం పడిన ఇల్లు గదమ్మా. నువ్వు రమ్మనకపోతివి."

ఎర్రప్ప అరుగు అంచున కూర్చున్నాడు. తల వంచుకుని, "ఎన్ని దినాలు?" అన్నాడు.

"పన్నెండో, పదమూడో. కడదాకా తోక మాత్రం ఊపుతాండె. అయిపోయినాక ఊరి పెద్దోళ్ళను నలుగురిని పిలుచుకొని, వాళ్ళ ముందర లోపలికి పోయి ఎత్తుకొస్తిమి. కట్ట కింద పూడ్చినాము. మీ ఇంట్లో పూచికపుల్ల ముట్టల్యా, కావల్లంటే వాళ్ళను అడుగు."

లోపలికి రా అత్తా అని పిలవటానికి నోరు తెరిచాను, పిలవలేకపోయాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, పోబోతూ వెనక్కి తిరిగింది. నన్ను ఓదార్చాలనే ఆ మాట అన్నది, అందులో నాకు అనుమానం లేదు.

"ఒగ దినం గూడా అరవల్యా హనుమక్కా. ఒగ్గసారి గూడా. బాగ నేర్పినావు."

కొంగు ముడి విప్పి తాళం చెవి తీశాను. తలుపు తెరవటానికి చీర మీద కాలు పెట్టాలి. చీర మధ్యలో, వాడు పడుకున్నచోట గుండ్రంగా గుంట పడి ఉంది. ఎర్రప్ప నా చేతిలోంచి చెవి తీసుకుని, చాలాసేపు అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు.